మిషను పిన్ని ఆకలి

రంజాన్ నెల వచ్చిందంటే ఆ సందులో నడవడం కష్టం. తెల్లారకముందే సహరీ భోజనం ముగించి, ఆఖరి గుక్క నీళ్లు తాగి, రోజా ఉపవాసం ఉంటున్నానని మనసులో అనుకోగానే ఎవరి ఆకలి వాళ్లలోంచి ఒళ్లు విరుచుకుంటూ బయటికొస్తుంది. వచ్చి గుమ్మం ముందు పడుకుంటుంది. పిల్లికన్నా పెద్దది, కుక్కకన్నా చిన్నది, బూడిదరంగు బొచ్చు. పొద్దుగూకి, అజాన్ వినపడి, మనిషి ఖర్జూరం నోట్లో వేసుకునేదాకా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత లేచి, ఒళ్లు దులుపుకుని, పక్కటెముకల కిందికి దూరి నిద్రపోతుంది. ఊడ్చేవాళ్లు వాటి చుట్టూ ఊడుస్తారు. పాలవాడు వాటి మీంచి దాటుకుంటూ పోతాడు. మొదటిసారి రోజా ఉన్న పిల్లలదైతే కోడిపిల్లంతే ఉంటుంది. ఎవరి కాలి కింద పడుతుందోనని తల్లులు దాని మీద బుట్ట బోర్లిస్తారు.

పోయినేడు ఇనుప సామాన్ల కొట్టాయన తెర వెనక కూర్చుని సుష్ఠుగా తింటూ, గుమ్మానికి ఒక పిల్లిని తాడేసి కట్టాడు. మధ్యాహ్నం ఎలక కనపడింది. పిల్లి తాడు తెంపుకుని పోయింది. ఇప్పటికీ ఆయన సైకిలెక్కితే చాలు, ఏదో ఒక కిటికీలోంచి మ్యావ్‌మని వినపడుతుంది.

సందు మొదట్లో రొట్టెల బట్టీ. రొట్టెలాయన ఆకలి ఆయనలాగే బండగా మెట్టుకి అడ్డంపడి గురకపెడుతూ ఉంటుంది. "అన్నా, నీదాన్ని కాస్త జరుపు" అంటారు కొనడానికి వచ్చినవాళ్లు. ఆయన పెళ్లాందేమో చిన్నది. దాని ధ్యాస ఒకచోట నిలవదు, తల పైకెత్తి మబ్బుల్ని చూస్తూ కూర్చుంటుంది. ఆ పిల్లా అంతే. పిండి కలుపుతూ కలుపుతూ కిటికీలోంచి ఎటో చూస్తుంది, నీళ్లెక్కువై పిండి మోచేతులదాకా పాకుతుంది. అందుకే అత్తగారు 'పరాకు' అని పిలవడం మొదలుపెట్టింది, సందంతా అదే ఖాయం చేసింది.

ఈసారి ఆ గుమ్మం మీద లేనిది అత్తగారి ఆకలి. ఎన్నో ఏళ్లుగా అది ముందుకాళ్లు చాపుకుని పెద్దమనిషిలా కూర్చునేది. ఇప్పుడు ఆవిడకి చక్కెర జబ్బు. మాత్ర వేళకి పడాలి, దాని వెనకే అన్నమూ పడాలి, రోజా మాటెత్తొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. మొదటి రోజంతా ఆవిడ ఆ ఖాళీ చోటు చూసుకుని ఏడ్చింది.

మసీదు తాత వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"జబ్బు మనిషిని పస్తుండమని ఎవరన్నారమ్మా? నువ్వు ఉండలేని ఒక్కో రోజాకి ఒక్కో పూట ఒక పేద మనిషి కడుపు నింపు. ఫిద్యా అంటారు దాన్ని. నీ రోజా చెల్లినట్టే."

"నా ఆకలి గుమ్మంలో లేకపోతే నాకు ఇల్లే బోసిగా ఉంది తాతా."

"అది అక్కడ కూర్చునేది ఇంటికి అందం కోసమా? పొద్దస్తమానం దాని మొహం చూడమని. చూసి, ఇలాంటిది ఏడాది పొడుగునా ఇంకొకరి కడుపులో ఉంటోందని తెలుసుకోమని. నీది రాకపోతే పోయింది. ఇంకొకరిదాన్ని చూసుకో."

అత్తగారు కళ్లు తుడుచుకుని కోడల్ని కేకేసింది. "ఇదిగో పరాకూ! ఆ చివర మేడమీద మిషను పిన్ని లేదూ, రోజూ సాయంత్రం ఆవిడకి నువ్వే రొట్టె పట్టుకెళ్లు. తొలివాయలోది, వేడివేడిది. మనం తిననిది ఒకరి చేతిలో పెట్టకు. వింటున్నావా, మబ్బులు చూస్తున్నావా?"

"వింటున్నా అత్తమ్మా."

మిషను పిన్ని ఒంటరిది. ఒకప్పుడు ఆ సందులో ప్రతి చొక్కా ఆవిడ మిషను కిందనుంచే వచ్చేది. జనం కుట్టిన బట్టలు కొనుక్కోవడం మొదలుపెట్టాక పని తగ్గింది, తర్వాత చూపు తగ్గింది, తర్వాత పళ్లూ పోయాయి. చేయి చాపడం మాత్రం ఆవిడకి చేతకాలేదు. నలుగురైదుగురు పొరుగువాళ్లు అప్పుడప్పుడూ గిన్నెలో ఏదో ఒకటి పట్టుకెళ్లేవాళ్లు. బట్టీవాళ్లు ఫిద్యా ఆవిడకే ఇస్తున్నారని తెలియగానే, హమ్మయ్య, ఇంక వాళ్లు చూసుకుంటారులే అని మానేశారు.

మొదటి రోజుల్లో పరాకు వేడి రొట్టె కొంగులో చుట్టుకుని ఉరుకులు పరుగుల మీద మెట్లెక్కేది. పై మెట్టు మీద పిన్ని ఆకలి గుప్పెడంత ముడుచుకుని ఉండేది.

"అబ్బ, ఏం వాసనే తల్లీ! గుడ్డ కప్పు, గుడ్డ కప్పు, అజాన్ కాకముందే నా రోజా పోయేలా ఉంది" అని పిన్ని బోసినోటితో నవ్వేది. ఆ నవ్వు చూసి పరాకుకి ఎక్కడలేని సంతోషం. దిగేటప్పుడు రెండేసి మెట్లు దూకేది.

నెల సగానికొచ్చేసరికి బట్టీ ముందు వరస సందు మలుపు దాటింది. అందరికీ రోజా విడిచే ఇఫ్తారుకి తొలివాయే కావాలి. ఒక సాయంత్రం పరాకు పళ్లెం మీద చేయి వేయబోతే మొగుడు ఆపాడు.

"వీటిమీద చేయి వేయకు. వరసలో ఉన్నవాళ్లకే చాలట్లేదు. ఆ బుట్టలో నిన్నటివి ఉన్నాయిగా, అవి తీసుకెళ్లు."

"అత్తమ్మ తొలివాయలోదే ఇవ్వమంది."

"రొట్టె రొట్టే. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి నువ్వు నువ్వు కాకుండా పోయావా?"

వరసలో వాళ్లు గొల్లుమన్నారు. పరాకు కూడా నవ్వింది. నవ్వినప్పుడు అతని కనురెప్పల మీది పిండి మంచులా రాలుతుంది. ఆ రాలడం చూస్తూ నిలబడితే ఆ పిల్లకి ఇంకేమీ గుర్తుండదు. బుట్టలోంచి రెండు తీసుకుని వెళ్లిపోయింది.

పిన్ని రొట్టె అందుకుని బొటనవేలితో నొక్కి చూసింది.  అల్లా మీ బట్టీ చల్లగా చూడాలి అంది.

కొన్నాళ్లకి ఒకసారి మాత్రం అడిగింది, అదీ తలుపు చాటునుంచి, చెప్పరాని మాటేదో చెబుతున్నట్టు. "తల్లీ, కాస్త మెత్తగా ఉన్నది ఏమైనా దొరుకుతుందా? నానబెడుతున్నాను. పైన జావ అవుతోంది గానీ లోపల నానట్లేదు. చిగుళ్లు పుళ్లు పడ్డాయి."

"అయ్యో పిన్నీ, ముందే చెప్పొద్దూ! రేపు తెస్తా."

మర్నాడు సాయంత్రం ఆకాశం నిండా ఎర్రమబ్బులు పరుచుకున్నాయి. వరసలో ఎవరో కొట్టుకున్నారు. మొగుడు చెమటలు కారుస్తూ అరుస్తున్నాడు. పరాకు చేయి అలవాటు కొద్దీ బుట్టలోకే పోయింది. మేడమెట్లు సగం ఎక్కాక గుర్తొచ్చింది.

"మర్చేపోయా పిన్నీ. రేపు తప్పకుండా."

"ఏం ఫర్వాలేదు తల్లీ. నీకు ఎంత పనో."

ఆ మర్నాడూ అదే అయింది. ఆ తర్వాత రేపు అనే మాట చెప్పడం కూడా సిగ్గనిపించి, గడపలో పెట్టి వచ్చేయడం మొదలుపెట్టింది.

ఈలోగా పిన్ని ఆకలి పెరిగింది. అందరివీ నెలంతా ఒకేలా ఉంటాయి. ఇది మాత్రం గుప్పెడంత నుంచి మేకంత అయింది, మేకంతది దూడంత అయి పై మెట్లన్నీ నింపేసింది. చివరికి పరాకు దాని వీపు మీంచి చేయి చాచి రొట్టె అందించాల్సి వచ్చింది. రొట్టె ముక్కు ముందునుంచి పోయినా అది తల తిప్పేది కాదు.

"అడ్డంగా ఉంది, ఏమనుకోకు తల్లీ" అంది పిన్ని లోపల్నించి. ఆ గొంతు పాత గుడ్డ చిరిగినట్టుంది.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని పరాకు మొగుడితో అంది. "పిన్నిది పెరుగుతోందండీ. చూస్తే భయమేస్తోంది."

"ముసలివాళ్లవి అంతేలే. మీ మేనమామది చూళ్లేదూ, గేదెంత. నువ్వు తిను."

ఆమె తింది. వేడి రొట్టే తింది.

నెల ముగియబోతుండగా ఒక మధ్యాహ్నం, ఇంకా వరస కట్టకముందే, పిన్ని ఆకలి మెట్లు దిగింది. సందు మధ్యలోంచి నెమ్మదిగా నడిచి వచ్చింది. గుమ్మాల మీద ఉన్న ఆకళ్లన్నీ లేచి గోడలకి ఒదిగి దానికి దారిచ్చాయి. రొట్టెలాయనది కూడా గురక ఆపి పక్కకి జరిగింది. అది వచ్చి బట్టీ గుమ్మంలో, అత్తగారిది ఉండాల్సిన ఖాళీ చోట పడుకుంది.

"ఇది మిషను పిన్నిది కదూ?" అంది పాలవాడి పెళ్లాం.

"మనిషిని వదిలి అది ఇంత దూరం రాదే" అన్నాడు ఇనుప సామాన్ల కొట్టాయన.  అందరూ మేడ వైపు పరుగెత్తారు.

పిన్ని మిషను పక్కన చాప మీద, గోడకి తిరిగి పడుకుని ఉంది. ఒళ్లు చల్లబడింది. దగ్గర్లో గిన్నెలో నీళ్లు, నీళ్లలో రొట్టె. చుట్టూ వేలితో గీకి గీకి తీసుకున్న గుర్తులు. మధ్య ముక్క రాయిలా అలాగే ఉంది. మిషను బల్ల మీద చిన్న చిన్న చొక్కాలు మడతపెట్టి ఉన్నాయి. పండగ నమాజుకి ముందే చెత్త ఏరుకునేవాళ్ల పిల్లలకి ఇవ్వాలని, తన ఫిత్రా దానం కింద కుట్టిందట. పక్కింటావిడ ఒకటి తీసి చేత్తో తడిమింది. కత్తిరింపుల్లో మిగిలిన పీలికలు కాదు, కొత్త తానులోంచి కోసిన గుడ్డ. చివరి చొక్కా చేతి కుట్టులో సూది అలాగే గుచ్చి ఉంది.

ఆడవాళ్లు స్నానం చేయించారు. కఫను గుడ్డ చుట్టారు. మగవాళ్లు జనాజా పాడె ఎత్తారు. రొట్టెలాయన ముందు కొమ్ము పట్టుకున్నాడు, దించేదాకా ఎవరికీ భుజం మార్చనివ్వలేదు. పొద్దు వాలకముందే అంతా అయిపోయింది. ఆకలి మాత్రం జనాజా వెంట పోలేదు. బట్టీ గుమ్మంలోనే ఉంది. దాని కళ్లు లోపలి గది మీద, అత్తగారి మంచం మీద ఉన్నాయి.

ఆవిడ దిండుకి ఆనుకుని దాన్నే చూస్తోంది.

"పరాకూ, ఇలా రా. తొలివాయలోదే ఇచ్చావు కదూ?"

పరాకు గోడకి జేరబడింది. మొగుడు తలుపు దగ్గర కాళ్లకంటిన మట్టితో నిలబడ్డాడు. అతను నోరు తెరవబోయాడు గానీ ఆమె ముందే అంది.

"లేదు అత్తమ్మా. మొదట్లో ఇచ్చాను. తర్వాత అన్నీ నిన్నటివే. పిన్ని మెత్తటిది అడిగింది కూడా. రేపు తెస్తానన్నాను."

"నేనే ఇవ్వమన్నానమ్మా" అన్నాడు కొడుకు. "పనిలో పడి..."

అత్తగారు మళ్లీ గుమ్మం వైపు తిరిగింది. 

"అయితే అది దారి తప్పి రాలేదు. నా కోసమే వచ్చింది" అంది. "పోయిన రొట్టె నా పేరు మీదే కదా పోయింది. రానీ."

"అమ్మా, అంతటిదాన్ని నువ్వు మోయలేవు. ఒక పూట తిండి ఆలస్యమైతేనే పడిపోతున్నావు."

"మోయలేకపోతే పోతాను. ఎవరి ఇంటి గుమ్మంలో వదిలేయమంటావు దాన్ని? ఏ పసిపిల్లలోకో దూరమంటావా?"

అజాన్ మొదలైంది. సందులో గ్లాసుల చప్పుడు. గుమ్మాల మీద ఆకళ్లు ఒక్కొక్కటే లేచి లోపలికి పోతున్నాయి. పిన్నిది కూడా లేచింది. దాని పక్కలు గుమ్మం చట్రాన్ని రాసుకున్నాయి. మంచం వైపు ఒక అడుగు వేసింది. అత్తగారు కళ్లు మూసుకుని చేతులు చాపింది.

పరాకు మధ్యలోకి వచ్చి కింద కూర్చుంది. అరచేతులు ముందుకు పెట్టింది. ఆ ఒక్కసారి ఆమె చూపు ఎటూ పోలేదు.

"మా అత్తమ్మ నీకు తొలివాయలోదే పంపింది" అంది దానితో. "మధ్యలో మార్చిన చేతులు ఇవి."

అది తల వంచి ఆ వేళ్లని వాసన చూసింది. ఒక్కో వేలూ చూసింది. రోజూ తన వీపు మీంచి చాచిన చేయి అది, గుర్తుపట్టినట్టుంది. నిట్టూర్చి, పెద్ద ఒళ్లు కొద్దికొద్దిగా ముడుచుకుంటూ ఆమె పక్కటెముకల కిందికి దూరింది. వెనకాల ఆమెది, ఆ మబ్బులు చూసే చిన్నది, చోటు కోసం కాసేపు తిరిగి తిరిగి ఒక మూల సర్దుకుంది.

మొగుడు ఖర్జూరం నోటికందించాడు. నీళ్లిచ్చాడు. పళ్లెంలో వేడి రొట్టెలన్నీ ఆమె ముందు పెట్టాడు. ఆమె తిన్నది, ఇంకా తిన్నది, పళ్లెం ఖాళీ అయ్యాక చేతులు చూసుకుంది.

"చాలా?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

చంద్రుడు కనిపించాడు, పండగ వచ్చింది. సందులో ఆకళ్లన్నీ మళ్లీ ఏడాది దాకా లోపలే పడుకున్నాయి. ఆ చిన్న చొక్కాలు తొడుక్కుని చెత్త ఏరుకునేవాళ్ల పిల్లలు సందంతా తిరిగారు. పరాకుకి మాత్రం ఆ నెల అయిపోలేదు. ఎంత తిన్నా తిననట్టే ఉండేది. ఒళ్లు చిక్కి గాజులు మోచేతిదాకా జారేవి. వైద్యులు చూశారు, మందులు రాశారు. అత్తగారు దువా చేసి చేసి, ఆ కోడలి తల తన ఒళ్లో పెట్టుకుని నిమురుతూ కూర్చునేది. ఇప్పుడావిడ ఆ పిల్లని పరాకు అని పిలవదు. అమ్మా అంటుంది.

వరస ఎంత పొడుగున్నా తొలివాయలో మొదటి పళ్లెం పక్కన పెట్టనిదే రొట్టెలాయన ఎవరికీ అమ్మడు. ఆమె దాన్ని కొంగు కింద పెట్టుకుని, వేడి పొట్టకి తగులుతుండగా, చెత్తకుప్పల అవతలి రేకుల గుడిసెల దాకా నడుస్తుంది. గడపలో పెట్టి వచ్చేయదు. చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, వాళ్లు నమిలి మింగేదాకా చూస్తుంది. అప్పుడు లోపల ఆ పెద్దది కాసేపు తల వాల్చుకుంటుంది. ఆ కాసేపే ఆమెకి ఊపిరాడేది.

ప్రతి గుడిసె ముందూ, ముద్ద గొంతు దిగేముందు, ఆమె అదే మాట అడుగుతుంది.

"మెత్తగా ఉందా?"