గొర్రెపిల్ల తోక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఊళ్ళో అందరూ అంటారు. అననివ్వండి, ముక్కున్నవాళ్ళకే కదా అది కూర్చోడానికి చోటు దొరికేది. ఎలీషబా ఏ మాటైనా రెండుసార్లు చెప్తుందని ఇంకోటి కూడా అంటారు. అది మాత్రం నిజమే. మా ఇంటాయన పిచ్చయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వంతు మాటలు కూడా నేనే మాట్లాడాలి. అందుకని ఒకటి నాకు, ఒకటి ఆయనకు.

గొడవంతా మా చర్చి కిటికీ దగ్గర మొదలైంది. బేస్తవారిపేట అవతల పల్లె మాది. చర్చి కట్టినప్పుడు బలిపీఠం వెనక గోడలో, పైన, తలుపు రెక్కలో సగమంత ఖాళీ వదిలారు. అద్దం సంగతి తర్వాత చూద్దామని అప్పటికి రేకు కొట్టారు. ఆ తర్వాత అనేది మళ్ళీ రాలేదు. గాలి తోలితే ప్రసంగం మధ్యలో ఆ రేకు టపటపలాడుతుంది. పాస్టరు గారు ఆగి, అది ఊరుకున్నాక మళ్ళీ అందుకుంటారు.

మా బావ ఎబినేజర్, అంటే పిచ్చయ్యకు అన్న, సంఘ పెద్ద. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన లేచి, ఈసారి కోత పండక్కి రేకు తీసేసి మామూలు అద్దం పెట్టిద్దాం, దాని మీద రంగు స్టిక్కర్ అంటిద్దాం అన్నాడు. సెల్లులో బొమ్మ కూడా చూపించాడు. ఒళ్ళంతా దూదిమూట లాంటి ఉన్ని, పొట్టి కాళ్ళు, గులాబీ మూతి. అదట గొర్రె! అట్లాంటి గొర్రెను మా పల్లెలో పుట్టి చచ్చినవాళ్ళెవరూ చూసి ఉండరు. పైగా స్టిక్కరేమిటి, దేవుడి గోడా, ఆటో అద్దమా? ఎండకు పొట్టు లేచిపోతే దాన్ని గోకేది ఎవరు, మేమేగా. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, రంగు అద్దం ముక్కలు కోసి అతికి అసలైన కిటికీ నేనే చేస్తానన్నాను. ఎవరూ పలక్కపోతే మళ్ళీ అన్నాను.

నవ్వారు. నవ్వరా మరి! అప్పటికి నేను గాజు పని నేర్చుకుంది ఒకే ఒక్క శనివారం. మార్కాపురంలో నేను పనిచేసిన పలకల ఫ్యాక్టరీ మూతబడి చాలా కాలమైంది. ఆ షెడ్డుకు కొత్త బోర్డు కనిపిస్తే, మన షెడ్డులో ఎవరబ్బా అని తొంగిచూశాను. లోపల రమణి అని గిద్దలూరు పిల్ల, హైదరాబాదులో నేర్చుకొచ్చి, వారం వారం రంగు అద్దాల పని నేర్పిస్తోంది. చూసిపోదామని వెళ్ళినదాన్ని కూర్చోబెట్టి చేతిలో కట్టరు పెట్టింది. అంతే నా చదువు.

బావ తాపీగా అడిగాడు, పండక్కి కాకపోతే ఏం చేద్దామని.

"పండగ నాటికి అద్దం ఆ గోడలో నిలబడకపోతే సంఘం మాటల్లో నేనింక నోరు తెరవను బావా," అన్నాను. "జన్మలో తెరవను."

సగం మంది ఆమేన్ అన్నారు. ఆ సగం మంది ఎవరో నాకు బాగా గుర్తుంది.

ఇంటికొచ్చాక గానీ ఏం పందెం కాశానో తెలిసిరాలేదు. మా సంఘంలో ఆడవాళ్ళు ఊడుస్తారు, వండుతారు, పాడతారు. అడిగేది మాత్రం నేనొక్కదాన్నే. ఆడవాళ్ళ వైపు ఫ్యాను, చర్చి వెనక కుళాయి, వానకు తడవకుండా వంటకు పంచ, అన్నీ ఈ నోటితో పోట్లాడి తెచ్చినవే. నా నోరు మూతపడితే వాళ్ళ తరఫున అడిగే దిక్కుండదు. ఇంకో మాట కూడా ఉంది, చెప్తాను. వయసంతా పలకలు కోశాను. పిల్లలు రాసిందీ చెరిగిపోయింది, పలకలూ పగిలిపోయాయి, చివరికి ఫ్యాక్టరీ కూడా పోయింది. ఇది నా చేత్తో చేశాను అని చూపించడానికి నాకొక్కటంటే ఒక్కటి లేదు. ఆ కిటికీ నాకు కావాలనిపించింది.

ఇక శనివారం వస్తే చాలు, బస్సెక్కి మార్కాపురం. క్లాసులో టీచరమ్మలు, కాలేజీ పిల్లలు. వాళ్ళు చేసేవి దీపం డొప్పలు, గుమ్మానికి వేలాడదీసే పక్షులు. నేను కిటికీ చేస్తానంటే రమణి నవ్వలేదు. నా వేళ్ళు పట్టుకుని చూసి, బలం ఉంది పిన్నీ, అది తగ్గించుకోవాలి అంది. పని చూస్తే తేలికే. కట్టరు చివర ఆవగింజంత చక్రం ఉంటుంది, దాన్ని కిరసనాయిల్లో ముంచి అద్దం మీద గీత లాగాలి. రెండు చేతులా పట్టి వంచితే గీత వెంబడే విరుగుతుంది. అంచులు అరగదీసి, చుట్టూ రాగి టేపు చుట్టి, ముక్కా ముక్కా చేర్చి టంకం పెడితే బొమ్మ తయారు.

నా అద్దం మాత్రం గీత వెంబడి విరగలేదు. దానికి ఇష్టమొచ్చిన చోట విరిగింది. నీలం పగిలింది, పసుపు పగిలింది, ఎరుపు నా బొటనవేలు కోసి మరీ పగిలింది. చివరికి రమణి నా పక్కనే నిలబడి చేయి చూసింది. పలక మీద ఇనపములికితో గీత గీస్తే ఒక్కసారికి దిగదు. గీసిన దాని మీదే మళ్ళీ గీయాలి, మళ్ళీ గీయాలి, అప్పుడే లోతు పడుతుంది. ఏళ్ళ తరబడి అదే పని. నా చెయ్యి అద్దం మీద కూడా వెనక్కి పోయి గీసిన గీతనే ఇంకోసారి గీస్తోంది, నాకు తెలియకుండానే.

"పిన్నీ, ఒక్కసారే," అంది రమణి. "మొదటి గీత అద్దం విన్నది. రెండోసారి పోయినావంటే అది నీ మాట ఇనదు."

మా ఇంట్లో ఒకసారి చెప్తే వినే ప్రాణి ఒక్కటీ లేదే అమ్మా అన్నాను. క్లాసంతా నవ్వింది. కానీ ఆ తర్వాతి శనివారాలన్నీ చెవి పెట్టి నేర్చుకున్నాను. గీత సరిగ్గా పడితే వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు సన్నగా చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినపడితే చెయ్యి తీసేయాలి. తీసేయడమే కష్టం. ఎన్నోసార్లు తప్పాను, రమణి ఎన్నోసార్లు నా మణికట్టు పట్టుకుని ఆపింది. నిటారు గీతలకు అలవాటు పడ్డాను గానీ వంకర గీతల దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి లాగుతూనే ఉండేది.

బొమ్మ నేనే గీసుకున్నాను. వెనక నల్లమల కొండలు నీలంగా, ముందు జొన్నచేను పసుపు, మధ్యలో గొర్రెపిల్ల. దూదిమూట కాదు, మన గొర్రెపిల్ల. మా పక్క ఊరి ఆదిశేషు మంద తోలుకుని చేల మీదుగా పోతుంటే ఆపి, ఒక జోడిపి పిల్లను పట్టుకోమన్నాను. జోడిపి అంటే ఒళ్ళంతా తెలుపు, కళ్ళ చుట్టూ, దవడ కింద నలుపు. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, ఉన్ని అనేదే ఉండదు. ఇంట్లో మిగిలిన పెద్ద పలక మీద బలపంతో గీస్తుంటే ఆదిశేషు వంగి చూసి పకపకా నవ్వాడు.

"అక్కా, తోక కిందికి దించు. పైకి లేస్తే అది మేక," అన్నాడు.

నిజమే. మన గొర్రెకూ మేకకూ దూరం నుంచి చూస్తే తేడా ఆ కాస్త తోకే. మేకకు నిక్కుతుంది, గొర్రెకు వాలుతుంది. దించి గీశాను. ఆ తోక అద్దంలో చిటికెన వేలంత ముక్క, పైగా వంకర. కిటికీ మొత్తం మీద నన్ను ఏడిపించింది అదొక్కటే. ఆఖరికి రమణి నా మణికట్టు పట్టుకుంటే గానీ అది కుదరలేదు.

పండగ ముందు రోజు మధ్యాహ్నం కిటికీని బొంతల్లో చుట్టి ఆటోలో తెచ్చాను. గుంతల రోడ్డు. ప్రతి కుదుపుకూ బొంతల్ని ఒళ్ళోకి లాక్కున్నాను. డ్రైవరును తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. చర్చి ముందు బల్ల వేసి విప్పేసరికి సంఘమంతా చుట్టూ చేరింది. కొండలు బాగున్నాయి. చేను బాగుంది. గొర్రెపిల్ల తోక మాత్రం అడ్డంగా పగిలి రెండు ముక్కలైంది, ఒక ముక్క బొంతలో రాలిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా బావ వచ్చాడు. చంకలో స్టిక్కరు చుట్ట ఉంది, ముందే అచ్చు వేయించి పెట్టుకున్నాడు మహానుభావుడు. కళ్ళజోడు సర్దుకుని బొమ్మను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

"ఇది మేక," అన్నాడు. "తీర్పు రోజున గొర్రెల్ని కుడి పక్కన, శాపం తగిలే మేకల్ని ఎడం పక్కన నిలబెడతానన్నాడు ప్రభువు. నువ్వేంది, తెచ్చి బలిపీఠం మీద నిలబెడతన్నావు?"

గొర్రేనని చెప్పాను. రెండుసార్లు కాదు, పదిసార్లు చెప్పాను. తోక కిందికే ఉండిందన్నాను. ఆ ఖాళీ చూపిస్తే, చిల్లును తోకనుకోమంటావా అన్నాడు. గొర్రెల్లోనే పుట్టి పెరిగిన జనం కూడా అటూ ఇటూ తల తిప్పి, తోక లేకపోతే చెప్పలేమే అన్నారు. నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే అనుకోండి. అద్దం పోతే పోయింది, నా నోరు కూడా పోతుంది. రేపు పొద్దున్నుంచి ఆ ఆడవాళ్ళ ముఖం ఎట్లా చూడాలి?

సంచి తెరిచి చూశాను. కట్టరుంది, పట్టకారుంది, టంకం కడ్డీ ఉంది, టేపుంది. తెల్ల అద్దం అరచేతంత ముక్క ఒక్కటే ఉంది. అది కూడా పగిలితే ఇంకోటి లేదు, మార్కాపురం పోయి తెచ్చే వేళా లేదు. బావా, కాస్త ఆగు అన్నాను. ఆయన ఆగాడు. అంత మాత్రం మర్యాద ఉన్నవాడే.

చర్చి గోడ ప్లగ్గులో కడ్డీ పెట్టి వేడి చేసి, పగిలిన తోక చుట్టూ టంకం కరిగించి మిగిలిన ముక్కను లాగేశాను. ఖాళీ అయిన చోటు కాగితం మీద అచ్చు తీసుకుని, ఆ వంకర అద్దం మీద దిద్దుకున్నాను. పొద్దు వాలుతోంది. అందరూ నా చేతి వంకే చూస్తున్నారు. రమణి లేదు, మణికట్టు పట్టుకునేవాళ్ళు లేరు. చక్రం ముంచాను, వంపు మొదటి నుంచి చివరి దాకా లాగాను. సన్నగా చప్పుడైంది.

వెంటనే నా చెయ్యి వెనక్కి లాగింది. చివర్లో సరిగ్గా దిగలేదేమో, ఇంకొక్కసారి, పైపైన ఒక్కసారి గీస్తే ఏమవుతుందిలే అనిపించింది. అనిపించడం కాదు, వేళ్ళు అప్పుడే బయలుదేరాయి. పక్కనే నిలబడ్డ పిచ్చయ్య చేతిలో కట్టరు కుక్కేశాను.

"నేనడిగినా ఇయ్యొద్దు," అన్నాను.

మరుక్షణమే అడిగాను. ఇటియ్యి, చివర సరిగ్గా పడలేదు అన్నాను. పిచ్చయ్య కట్టరు వీపు వెనక దాచుకుని తల అడ్డంగా ఊపాడు. ఇరవై ఏళ్ళకు పైబడిన కాపురంలో ఆ మనిషి నాకు దేనికీ అడ్డు చెప్పింది లేదు. ఇక పట్టకారుతో అంచు పట్టి వంచాను. టక్కుమంది. బల్ల మీద తోక పడింది, చక్కటి వంపుతో, వెంట్రుకవాసి తేడా లేకుండా.

అరగదీసే మిషను లేదు గానీ తడిపిన రాయి మీద అంచు నూరడం నాకెవరూ నేర్పనక్కర్లేదు, పలకలకు అదే పని. టేపు చుట్టి, ఖాళీలో పెట్టి, టంకం పోశాను. చల్లారాక లేచి నడుము పట్టుకున్నాను. బొమ్మలో తోక బుద్ధిగా కిందికి వాలి ఉంది. ఎవరో ముసలామె, ఇంకేంది, గొర్రే అంది. బావ స్టిక్కరు చుట్టను చంకలోంచి తీసి గోడకు ఆనించాడు. మర్నాడు పండగ వేలానికని జనం కానుకగా తెచ్చిన కందులు దాని మీదే రాశి పోశారు.

రేకు ఊడింది, వెలుగుండగానే కిటికీ గోడలో కూర్చుంది. మా చర్చిలో ఆ గోడ తూర్పు వైపుది. పండగ పొద్దున పాట మొదలయ్యే వేళకు ఎండెక్కింది. నల్లమల నీలం, జొన్నచేను పసుపు నేల మీదికి దిగాయి, ఆడవాళ్ళ చాపల మీద, పిల్లల తలల మీద పడ్డాయి. గొర్రెపిల్ల నా ఒళ్ళోకి రాలేదు గానీ, బావ తెల్ల చొక్కా మీద సరిగ్గా పొట్ట దగ్గర నిలబడింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు మాత్రం కళ్ళు నిండిపోయాయి. ఎవరూ చెరపలేనిది నేను చేశాను. పాటలో ఒక చరణం పాడటమే మర్చిపోయాను.

ప్రార్థన అయ్యాక బావ లేచాడు. పొట్ట మీది గొర్రెపిల్లను ఒకసారి చూసుకుని అందరికీ వినపడేట్టు పలికాడు.

"ఎలీషబా, పందెం నువ్వే గెల్చినావు. నోరు నీదే. ఏం చెప్తావో చెప్పు."

చెప్పడానికి నా దగ్గర లేనిదేముంది? స్టిక్కరు గురించి, ఆమేన్ అన్న సగం మంది గురించి, ఆటోలో వస్తూ కూడబెట్టుకున్నదంతా నాలుక చివర ఉంది. లేచి నిలబడ్డాను.

"అది గొర్రే బావా," అన్నాను. కూర్చున్నాను.

నా సంగతి తెలిసిన సంఘం కదా, రెండోసారి కోసం ఎదురుచూసింది. బావ కూడా నిలబడే ఉన్నాడు. నేను పెదవులు బిగించుకుని కిటికీ వంక చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి, వెనక వరసలోంచి, ఎవరో గొంతు సవరించుకున్నారు. అందరూ వెనక్కి తిరిగారు. పిచ్చయ్య లేచి నిలబడి ఉన్నాడు.

"గొర్రే, అన్నా," అన్నాడు.