రేకు వెనక గోడ

ఇంటి ముందు రేకుకున్న ఆఖరి మేకు పీకేసరికి ఎర్మెలిందాకు నడుం విరిగినంత పనయింది. డెబ్బై రెండేళ్ళ మనిషి రేకుల మీద యుద్ధానికి దిగితే మరేమవుతుంది! పక్కింటి ఫెలిష్మీనా కింద నిలబడి రేకు పట్టుకుంది గానీ, చేతులకంటే నోటికే ఎక్కువ పని చెప్పింది.

"ఇదేదో స్వాతంత్ర్యం వచ్చిన రోజే పీకేస్తే పోయేదిగా వదినా?"

"మా నాన్న పీకొద్దన్నాడు."

"ఆయన పోయి ఎన్నేళ్ళయింది?"

"మనిషి పోతే మాట పోతుందా ఏంటి? నువ్వు రేకు సరిగ్గా పట్టుకో."

రేకు దభేలున కింద పడింది. వెనక ఎర్రటి ఇటుక గోడ బయటపడింది. అరవై రెండేళ్ళుగా దానికి ఎండ సోకలేదు.

తెల్లదొరల కాలంలో, అంటే ఊరికింకా దొర పేరే ఉన్నప్పుడు, ఇటుక ఇళ్ళు దొరలవి, రెల్లు గుడిసెలూ రేకుల కొంపలూ మిగతావాళ్ళవి. షమాంకులో అనే ఈ పేటలో నల్లవాడు ఇటుక మీద ఇటుక పెడితే మర్నాటికల్లా కూలగొట్టేవారు. ఎర్మెలిందా తండ్రి సలొమావు తాపీమేస్త్రీ. వారమంతా దొరలకు మేడలు కట్టి, అక్కడ పారేసిన విరిగిన ఇటుకలు సంచిలో వేసుకొచ్చేవాడు. ఆదివారం మైదానంలో ఫుట్‌బాల్ కేకలు మొదలవగానే, రేకుల చాటున రెండు వరుసలు లేపేవాడు. సుత్తికి గుడ్డ చుట్టుకునేవాడు. రేకు తిరిగి బిగించేటప్పుడు పదేళ్ళ ఎర్మెలిందా మేకులు అందించేది. పేటలో సగం ఇళ్ళు అలాంటివే, బయటికి రేకు, లోపల గోడ. అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపరు.

జెండా మారింది, ఊరు మపూటో అయింది, వీధులకు కొత్త పేర్లొచ్చాయి. జనం పాటలు పాడుకుంటూ రేకులు పీకేశారు. సలొమావు మాత్రం, "ఆగండి, వచ్చినవాళ్ళెలాంటివాళ్ళో చూద్దాం" అన్నాడు. ఇళ్ళు సర్కారు తీసుకుంటుందన్నప్పుడు రేకు ఉండనీ అన్నాడు. యుద్ధమొచ్చి, గంటల తరబడి క్యూలో నిలబడినా క్యాబేజీ తప్ప ఏదీ దొరకని రోజుల్లోనూ ఉండనీ అన్నాడు. ప్రాణం పోయేటప్పుడు కూడా అదే మాట. పిరికితనమనండి, ముందుచూపనండి, మీ ఇష్టం.

ఇప్పుడు పేటలోంచి పెద్ద రోడ్డు పోతోంది, అడ్డొచ్చిన ఇళ్ళు కూలగొడతారు. రేకుల ఇల్లయితే తాత్కాలికమట. ముప్పై కిలోమీటర్ల అవతల ఇసకలో ఖాళీ స్థలం చూపించి పొమ్మంటారు. గోడల ఇల్లయితే ఈ పేటలోనే ఇంకో ఇల్లిస్తారు. బడి ముందు బజియాలు, అదే అలసంద గారెలు, వేయించి అమ్ముకునే ముసలిది ఆ ఇసకలో ఎవరికి వేయించి పెట్టాలి? అందుకే, ఇన్నేళ్ళకు, తండ్రి మాట కాదని రేకు పీకింది.

పదింటికి కొలతల ఆఫీసరు అనస్తాసియో వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, మొహంలో మాత్రం అరవై ఏళ్ళ అలసట. పొద్దుట్నుంచి ఎన్ని శాపనార్థాలు తిన్నాడో పాపం. గోడను చూసి ఆగిపోయి, అరచేత్తో నిమిరాడు.

"ఎవరు కట్టారు మామ్మా? విరిగిన ఇటుకలతో ఇంత తిన్నగానా!"

"మా నాన్న. చూశావుగా, పక్కా ఇల్లు. రాసుకో బాబూ."

అతను కాగితాలు తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. "అనుమతి పత్రం ఉందా?"

"పంతొమ్మిది వందల అరవై రెండులో కట్టాడయ్యా! అప్పుడు మాకు అనుమతెవడిస్తాడు?"

"అదే మామ్మా చిక్కు. ఆ ఏడు ఇక్కడ ఇటుక గోడ కట్టకూడదు. అనుమతి లేని గోడంటే అక్రమ కట్టడం. అక్రమానికి ఇల్లు లేదు సరిగదా, ఆ ఇసక స్థలమూ లేదు."

ఫెలిష్మీనా గయ్‌మంది. "ఆ రూలు పెట్టినోళ్ళు ఓడెక్కి పోయి యాభై ఏళ్ళయింది కదరా!"

"వాళ్ళు పోయారమ్మా, వాళ్ళ రిజిస్టర్లు పోలేదు. మా ఆఫీసు బీరువాలో భద్రంగా ఉన్నాయి."

ఎర్మెలిందా మెట్టు మీద కూలబడింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఉత్త నీరసం వచ్చింది.

"ఆ బీరువా ఉన్న గోడలూ మా నాన్నే కట్టాడు బాబూ. వాటికి అనుమతి ఉందిలే."

అనస్తాసియో వీధి అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, "మా అమ్మమ్మదీ ఇలాంటి ఇల్లే. నేనింకా మీ ఇంటికి రాలేదనుకోండి మామ్మా. ఆ రేకు పెట్టెయ్యండి, అప్పుడొస్తాను. ఆ స్థలమైనా దక్కుతుంది" అన్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల!" ఫెలిష్మీనా నెత్తి కొట్టుకుంది.

ఎర్మెలిందా లేచి సుత్తి అందుకుంది. ఆఫీసరూ ఫెలిష్మీనా చెరో కొసా పట్టి రేకు లేపారు. అతను కింద పడ్డ మేకులు ఏరి, వంకరవి రాయి మీద తిన్నగా కొట్టి, ఒక్కొక్కటే అందించాడు. తను తండ్రికి అందించినట్టే అందిస్తున్నాడని ఆమెకు తోచింది. సుత్తికి గుడ్డ చుట్టలేదు. వింటే విననీ, ఇంకెవరికి భయపడాలి?

గోడ మళ్ళీ చీకట్లోకి పోయింది. అతను కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాడు.

"ఏం రాశావు?"

"రేకుల ఇల్లు, తాత్కాలికం అని."

"మా నాన్న చెప్తూనే ఉన్నాడు," అంది ఎర్మెలిందా, చేతికంటిన తుప్పు దులుపుకుంటూ. "ఒక్క రోజు, ఒక్క రోజంటే ఒక్క రోజే నేను ఆయన మాట వినలేదు."