మూడో నంబర్ ఫీడర్ పాట

బొంగులూరులో బావ కట్టుకున్న కొత్త ఇంట్లో, గృహప్రవేశం భోజనాలయ్యాక, మనోజ తన సంగీతాన్ని ఇంకొకరి పేరు మీద విన్నది.

ఆడవాళ్లందరూ లోపలి గదిలో నడుం వాల్చారు. అక్క అరుణ ఎనిమిది నెలల పాపను ఒళ్లో వేసుకుని ఊపుతోంది. పాప ఎంతకూ ఏడుపు ఆపడం లేదు. అరుణ భర్త మహేశ్వర్ వచ్చి, గూట్లో ఉన్న స్పీకర్‌ను ఫోన్‌కు కలిపి ఏదో పెట్టాడు. గదంతా ఒక మోత పరుచుకుంది. లోతుగా, తెరిపి లేకుండా, ఎక్కడో నేల కింది నుంచి వస్తున్నట్టు. కాసేపటికి పాప ఏడుపు సన్నగిల్లింది, ఇంకాసేపటికి కళ్లు మూతపడ్డాయి. మేనత్తలు, పిన్నమ్మలు ఆశ్చర్యంగా చూశారు.

"హిమాలయ గుహల్ల ఓంకారమట," అన్నాడు మహేశ్వర్ గొప్పగా. "తొమ్మిది లక్షల మంది విన్నరు. గిది పెడ్తే చాలు, మా పోరి సప్పుడు చెయ్యదు."

మనోజ లేచి కూర్చుంది. ఆ మోతలో నాలుగో నిమిషం దాటాక, ఎండకు కాగిన రేకు ఒకసారి టక్కుమంటుందని ఆమెకు తెలుసు. ఊపిరి బిగబట్టి కాచుకుంది. రేకు టక్కుమంది.

"బావా, ఇది హిమాలయం కాదు," అంది. "నేను పెట్టిన పాట. మా సబ్‌స్టేషన్ల ట్రాన్స్‌ఫార్మర్."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. మహేశ్వర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఫ్యాన్ చప్పుళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి గదా మరదలా, నీదేదో నాదేదో ఎట్ల చెప్తవ్ అన్నాడు. రెండేళ్ల కిందట ఇదే పాటను ఆమె ముచ్చటపడి వినిపిస్తే, ఫ్యాన్ బేరింగ్ పోయిందా అని అడిగినవాడు ఇతనే. అప్పుడు అరనిమిషం కూడా వినలేదు. ఇప్పుడు దాన్నే బిడ్డకు జోలపాట చేసుకున్నాడు. మనోజ కింద పెదవి పంటితో నొక్కిపట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచింది. భర్త స్వామి చేతిలో తాంబూలం సంచితో వెనకాలే పరుగెత్తుకొచ్చాడు.

ఇబ్రహీంపట్నం దాటాక పొలాల మధ్య ఉన్న ఒక సబ్‌స్టేషన్‌లో మనోజ ఆపరేటర్. ఎనిమిది గంటల షిఫ్టులో మీటర్లు చూసి రిజిస్టర్‌లో రాయడం, లైన్‌మెన్ అడిగినప్పుడు ఒక ఫీడర్ లైనుకు కరెంటు ఆపడం, పని అయ్యిందని వాళ్లు చెప్పాక మళ్లీ ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన ఏడాది ఆ మోత తలలోకి ఎక్కి పిచ్చెక్కినట్టు ఉండేది. రెండో ఏడాదికి అందులో తేడాలు వినపడటం మొదలైంది. పొద్దున ఒక తీరు, రైతులందరూ మోటార్లు వేసే వేళకు ఒక తీరు, వాన పడ్డాక ఇంకో తీరు. ఒక చిన్న రికార్డర్ కొనుక్కుని, ప్రహరీ దగ్గరి ఇనుప స్తంభానికి మైకు అంటించి రికార్డు చేయసాగింది. ఇంటి దగ్గర పాత లాప్‌టాప్‌లో వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, కొన్ని చోట్ల సాగదీసి, కొన్ని చోట్ల ఏమీ ముట్టుకోకుండా వదిలేసి, గంటసేపటి పాటలుగా చేసి నెట్‌లో పెట్టేది. మాటలుండవు, తాళముండదు. ఆరేళ్లలో ఇరవై రెండు పాటలు పెట్టింది. ఆమె పేజీని ఫాలో అయ్యేవాళ్లు నలభై ఒక్క మంది. వాళ్లలో ఒకరిద్దరు తప్ప ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట రాయలేదు. మధ్యలో ఒకసారి ఎనిమిది నెలలు మానేసింది కూడా. మళ్లీ ఎందుకు మొదలుపెట్టిందో స్వామికి చెప్పలేకపోయింది. మానేస్తే చెవులు ఖాళీగా ఉన్నాయి, అంతే.

ఆ గంట పాటకు ఆమె పెట్టిన పేరు "మూడో నంబర్ ఫీడర్, మధ్యాహ్నం." దాన్ని ఎవరో ఎత్తుకుపోయి, కొంచెం వేగం తగ్గించి, మంచు కొండల బొమ్మ అంటించి, నిద్ర పట్టించే శబ్దాల చానెల్‌లో పెట్టారు.

ఆ రాత్రే ఆమె సైటు వాళ్లకు ఫిర్యాదు రాసింది. నాలుగో రోజు జవాబు వచ్చింది. ఆ శబ్దం మీద హక్కులు సదరు చానెల్ పేరున నమోదై ఉన్నాయట. వాళ్ల శబ్దాన్ని అనుమతి లేకుండా వాడినందుకు మనోజ పెట్టిన పాటను తొలగిస్తున్నారట. ఇంకోసారి ఇట్లా జరిగితే పేజీ మొత్తం తీసేస్తారట. కింద ఎవరి సంతకమూ లేదు.

మనోజ ఆ జవాబును మూడుసార్లు చదివింది. వంటింట్లోకి వెళ్లి పిండి కలపబోయి, గిన్నెను గోడకేసి కొట్టింది. పిండి గోడంతా చిందింది. చప్పుడుకు స్వామి వచ్చి చూశాడు. బడి బస్సు నడిపే మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు.

"నీకొచ్చేదేముంది అండ్ల," అన్నాడు మెల్లగా. "ఇడ్షిపెట్టు. పానం ఖరాబ్ చేస్కోకు."

"వచ్చేదేం లేదు గనుకనే అది నాది," అంది మనోజ. "వచ్చేదుంటే నీకు గూడ నాదని యాదికుంటుండె."

స్వామి చీపురు తెచ్చి పిండి ఎత్తాడు. అది చూస్తే ఆమెకు ఇంకా మండింది.

ఆమెకు కోపం ఒక్క దొంగ మీదే కాదు. ఆరేళ్లుగా, తన పాటలు ఎవరూ వినకపోవడానికి అవి బాగుండకపోవడమే కారణం కావచ్చని సర్దుకుంటూ వచ్చింది. అది అబద్ధమని ఇప్పుడు తేలింది. అదే మోత, అదే రేకు చప్పుడు, గుహ అని చెబితే తొమ్మిది లక్షల మంది విన్నారు, ట్రాన్స్‌ఫార్మర్ అని నిజం చెబితే నలభై ఒక్క మంది. ఇన్నాళ్లూ తనను తాను తక్కువ చేసుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. రికార్డర్‌ను బీరువాలో చీరల కింద పడేసింది. షిఫ్టుకు వెళ్లినా మోత వినకుండా ఫోన్‌లో వార్తలు పెట్టుకుంది. ఇట్లా ఇరవై రోజులు గడిచాయి.

ఇరవై ఒకటో రోజున ఆమె పేజీకి ఒక మెసేజ్ వచ్చింది. తెలుగులోనే, తప్పులతో ఉంది. మూడో నంబర్ పాట కనబడుతలేదు, ఏడికి పోయింది, మిషన్ రోజు అది లేకపోతే నాకు కష్టమైతది, అని. కింద ఫోన్ నంబరు. మనోజ ఫోన్ చేసింది.

ఎత్తినాయన పేరు రాంచంద్ర. కందుకూరులో బండ్ల సీట్లు కుట్టే దుకాణం ఉండేదట. మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు దవాఖానకు వెళ్లి నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ మీద పడుకుంటాడు. కదలకూడదు. పక్కన టీవీ, నర్సుల మాటలు, మిషన్ల బీప్‌లు. పాటలు పెట్టుకుంటే మాటలు తలకెక్కి నొప్పి వచ్చేదట. అన్నీ వెతుకుతుంటే ఒకరోజు ఇది దొరికింది. పద్నాలుగు నెలల నుంచి ప్రతి మిషన్ రోజూ నాలుగుసార్లు వింటున్నాడు.

మనోజ జరిగింది చెప్పింది.

"వాడు నీ దాన్ని మొత్తం పెట్టిండా బిడ్డా, సగం పెట్టిండా?" అని అడిగాడు ఆయన.

"మొత్తం పెట్టిండు."

"మరి పందొమ్మిదో నిమిషంల ఒక పిలగాడు మాట్లాడ్తడు గదా, లైన్ తీస్కున్న, నేను చెప్పేదాక ఇయ్యకు అని. ఆ మాట గూడ ఉన్నదా?"

ఆ పాట రికార్డు చేసిన రోజు లైన్‌మన్ ఐలేష్ ఫోన్ చేసి, మూడో నంబర్ ఫీడర్ ఆపించుకున్నాడు. మైకు సర్దుతున్న ఆమె చేతిలోని స్పీకర్ ఫోన్‌లోంచి అతని గొంతు రికార్డర్‌లో పడింది. మోత కింద సన్నగా వినపడుతుంటే బాగుందనిపించి ఆమె దాన్ని తీసేయలేదు. ఆ సంగతి ఆమె మరిచిపోయింది. రాంచంద్ర మరిచిపోలేదు. ఆ గొంతు వచ్చిందంటే ఆ గంటలో మూడో వంతు గడిచిందని ఆయనకు లెక్క.

ఫోన్ పెట్టేసి ఆ చానెల్ తెరిచింది. కోపంతో ఇన్నాళ్లూ అటువైపు మళ్లీ చూడలేదు. పాట నిదానం చేశారు గనుక, ఇరవయ్యో నిమిషం దాటాక ఐలేష్ వచ్చాడు. గొంతు బరువుగా, సాగినట్టుగా ఉంది. కానీ ప్రతి మాటా తెలుస్తోంది. "మనోజక్కా, మూడో నంబర్ లైన్ తీస్కున్న. నేను చెప్పేదాక సప్లై ఇయ్యకు." కింద అభిప్రాయాల్లో తెలుగు రానివాళ్లెవరో రాశారు, ఈ చోట ఒక యోగి మంత్రం చదువుతున్నాడని, వింటే ఒళ్లు జలదరిస్తుందని. దానికి రెండు వేల మంది మెచ్చుకోలు గుర్తు పెట్టారు. మనోజ నవ్వబోయింది, నవ్వు రాలేదు. దొంగతనం చేసినవాడు కూడా ఆ గంట పాటను ఒక్కసారి చివరిదాకా వినలేదు. ఆమెకు అన్నిటికంటే అదే అవమానంగా తోచింది.

మర్నాడు షిఫ్టులో ఐలేష్‌ను కూర్చోబెట్టి వినిపించింది. ఆ గొంతు తనదేనని రాసి సంతకం పెట్టమని అడిగింది. ఐలేష్ విని ముఖం ముడుచుకున్నాడు.

"ఎప్పటిది గిది?"

"రెండేండ్లయింది."

"రెండేండ్ల సంది నా గొంతు నెట్ల ఉన్నదా అక్కా? నాకొక్క మాట చెప్పలె?" అతను లేచి నిలబడ్డాడు. "వాడు నిన్ను అడగకుండ పెట్టుకున్నడని మండుతున్నవ్. నువ్వు నన్ను అడిగినవా?"

అతను అన్నది నిజమేనని ఆమెకు వెంటనే అర్థమైంది. అయినా నోటికి ముందు సాకులే వచ్చాయి. నీ పేరు లేదు, ఎవరూ గుర్తుపట్టరు, నేనేమీ చెడు చేయలేదు. ఆ దొంగ కూడా ఎవరైనా అడిగితే ఇవే చెబుతాడని తోచి, మధ్యలోనే ఆగిపోయింది. తప్పయిందని చెప్పింది. తీసేయమంటే ఆ ముక్క తీసేస్తానంది. ఐలేష్ బండి తీసుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులు ఫోన్‌లో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున వచ్చి, కాగితం ఇయ్యి అన్నాడు. సంతకం పెట్టి, పాటలో తన పేరు కూడా రాయమన్నాడు.

మనోజ అన్నీ జతచేసి పంపింది. అసలు రికార్డింగ్, దాని తేదీ, ఐలేష్ రాసిచ్చిన కాగితం, వాళ్ల పాటలో ఆ మాటలున్న చోటు. హిమాలయాల్లో యోగి ఇబ్రహీంపట్నం ఆపరేటర్‌ను పేరు పెట్టి పిలిచి, సప్లై ఇయ్యకని ఎందుకు చెబుతాడో దయచేసి వివరించగలరు, అని ఆఖరున రాసింది. పదహారు రోజులకు జవాబు వచ్చింది. ఆమె పాట తిరిగి పెట్టారు. చానెల్‌లో ఉన్నదాన్ని తీసేశారు. క్షమాపణ లేదు. ఈసారి కూడా సంతకం లేదు.

పాట వచ్చింది. దాంతో తొమ్మిది లక్షల మంది పోయారు. వాళ్లెవరికీ ఇది ఫలానా చోటిదని చెప్పిన వాళ్లు లేరు. మనోజ పేజీలో నలభై ఒక్క మంది నలభై నలుగురయ్యారు. ఆ చానెల్ వాడు వారం తిరగకముందే ఇంకేదో మోతకు కైలాసమని పేరు పెట్టి, మళ్లీ దుకాణం తెరిచాడు.

ఒక సాయంత్రం మహేశ్వర్ ఫోన్ చేశాడు. పాప పడుకుంటలేదని, ఆ గుహల పాట కనిపిస్తలేదని, నువ్వేమైనా కంప్లైంట్ చేసినవా అని అడిగాడు. తెలుసుకోవడానికి అడిగినట్టు కాదు, తప్పు పట్టినట్టు అడిగాడు.

"చేసిన," అంది మనోజ. "పాట నా పేజీల ఉన్నది బావా. మూడో నంబర్ ఫీడర్, మధ్యాహ్నం అని కొట్టు, వస్తది. పోరికి వినిపించు. కని ఎవరన్న అడిగితే హిమాలయమని చెప్పకు."

మహేశ్వర్ సరేనన్నాడు. నలభై నలుగురు నలభై ఐదుగురయ్యారో లేదో ఆమె చూడలేదు.

పాట తిరిగి వచ్చిందని చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు రాంచంద్ర ఒకటి అడిగాడు. గంటకోసారి పాట అయిపోయి మళ్లీ మొదలయ్యేటప్పుడు, ఒక్క క్షణం మౌనంలో మిషన్ చప్పుడు చెవుల్లోకి దూకుతుందట. ఒకేసారి నాలుగు గంటలు వచ్చేలా చేయగలవా బిడ్డా అన్నాడు. ఎవరు వింటారు నాలుగు గంటలు, అని స్వామి అడిగాడు. ఎవరూ వినరని ఆమెకూ తెలుసు.

ఆమె బీరువాలోంచి రికార్డర్ తీసింది. కోపం తగ్గలేదు. దాన్ని తగ్గించుకోవాలని కూడా ప్రయత్నించలేదు. ఇదివరకటి పాటల్లో ఎవరైనా ఉలిక్కిపడతారేమోనని చప్పుళ్లను అరగదీసి నున్నగా చేసేది. ఈసారి కరెంటు తెగేటప్పుడు బ్రేకర్ పడే దెబ్బను అట్లాగే ఉంచింది. గాలికి ఇనుప గేటు కొట్టుకోవడం ఉంచింది. డ్యూటీలో ఉన్న వాళ్లందరి దగ్గరికీ వెళ్లి, మీ గొంతు పడొచ్చు, పర్వాలేదా అని అడిగింది. ఇద్దరు వద్దన్నారు. వాళ్ల షిఫ్టులో మైకు తీసేసింది.

నాలుగు గంటల పాటకు నలభై రోజులు పట్టింది. పేజీలో పెట్టాక మొదటి వారం పదకొండు మంది తెరిచారు. తొమ్మిది మంది ఐదు నిమిషాల్లో వెళ్లిపోయారు. ఆ అంకె చూసి మనోజ పళ్లు కొరికింది. లాప్‌టాప్ మూసి, మళ్లీ తెరిచి, రెండో నాలుగు గంటల పాటకు కొత్త ఫైలు మొదలుపెట్టింది.