తేడాపెట్టె

అత్తగారి శ్రుతి తప్పుతోందని ఆవిడ మొహం మీద చెప్పగల మొనగాడు ఆ ఇంట్లో లేడు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? "మీరంటే మా అమ్మకి గౌరవం, మీరే చెప్పండి" అని కూతురు మొగుణ్ణి ముందుకు తోసింది. ఆంప్లిఫయర్లు బాగుచేసుకుని బతికే ఆ అల్లుడు "కన్నకూతురి మాటైతే వింటారు, నువ్వే చెప్పు" అని పెళ్ళాన్ని ముందుకు తోశాడు.

ఇంతలో పాటల టీచరమ్మ తేల్చేసింది: "ఆదివారం పరీక్ష. మళ్ళీ శ్రుతి తప్పితే బృందంలో ఉండక్కర్లేదు." భర్త పోయాక అత్తగారు నవ్వుతూ గడప దాటేది ఆ బృందగానానికే. అదీ పోతే ఆవిడ ఏమైపోతారోనని అల్లుడికి నిజంగానే దిగులేసింది.

నోటితో చెప్పలేనిది సర్క్యూటుతో చెప్పిద్దామని ఓ పెట్టె తయారుచేశాడు. అది ఒకే శ్రుతి పలుకుతూ ఉంటుంది. మైకులో పడ్డ గొంతుకీ ఆ శ్రుతికీ ఎంత తేడా ఉందో చూస్తుంది. తేడా ఉంటే ఎర్రలైటు, లేకపోతే పచ్చలైటు. ఇంట్లోవాళ్ళు దానికి తేడాపెట్టె అని పేరు పెట్టారు.

అత్తగారు గొంతు కలిపారు. పచ్చలైటు! మర్నాడూ పచ్చే. "చూశారా అల్లుడుగారూ? ఆ టీచరమ్మకే చెవుడు!" అంటూ ఇల్లెగిరిపోయేలా పాట అందుకున్నారు. యంత్రం అబద్ధమాడుతుందా, తన చెవులే పాడయ్యాయనుకున్నాడు, పిచ్చిమారాజు!

ఆదివారం పొద్దున ఆవిడ పాట ఆపి మంచినీళ్ళు తాగుతున్నారు. పచ్చలైటు వెలుగుతూనే ఉంది. అల్లుడు గబగబా పెట్టె మూత విప్పి చూశాడు. శ్రుతి పలికే స్పీకరునీ, గొంతు వినాల్సిన మైకునీ పక్కపక్కనే బిగించి చచ్చాడు!

"అత్తయ్యగారూ... ఇది ఇన్నాళ్ళూ మీ గొంతు వినలేదండీ. దీని గొంతు ఇదే వింటోంది."

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. "తనది తానే విని, తనకి తానే భేష్ అనుకుందా?"

"అవునండీ. తప్పు నాదే."

స్పీకరు తీసేసి, శ్రుతి ఇయర్‌ఫోన్లో వచ్చేలా చేసి ఆవిడ చెవిలో పెట్టాడు. ఆవిడ పాడారు. ఎరుపు. ఇంకా గట్టిగా పాడారు. ఎరుపే. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోనివ్వండి అత్తయ్యగారూ, దీన్ని చెత్తలో పారేస్తాను."

"ఉండండి! నా అరుపులో ఆ చెవిలోది వినబడి చావట్లేదు."

గొంతు తగ్గించారు. ఇంకా తగ్గించారు. ముందు విని, ఆ తర్వాత నెమ్మదిగా పలికారు. ఎర్రలైటు తడబడి ఆరింది. పచ్చలైటు వెలిగింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చి నిలబడింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని చెప్పులు వేసుకున్నారు.

"బృందంలో నా పక్కనావిడ ఎలా పాడుతుందో ఇంతవరకూ నాకు తెలీదు, అల్లుడుగారూ. ఇవాళ విని వస్తాను."