ఖాళీలు: ఖాళీలకు సంబంధించినది

మధ్యాహ్నం రెండింటికి కమిటీ మీటింగు. పదకొండున్నరకి రుయిహా హెల్ప్ పేజీ తెరిచి, చదివి, ఛీ అనుకుంది.

న్యూజిలాండ్‌లో, నెల్సన్ ఊరి దగ్గరి అఖాతంలో రుయిహా వాళ్ల మావోరీ తెగకు ఒక ఆల్చిప్పల దిబ్బ ఉంది. ఏటా పడవలో వెళ్లి, ఇనపబుట్టను నీటి అడుగున నలభై చోట్ల లాగి, ఒక్కో లాగుకి ఎన్ని పడ్డాయో రాసుకొస్తారు. ఆ అంకెల్ని కంప్యూటర్‌లో వేసి సగటు తీయడం రుయిహా పని. సగటు పది దాటితే తెగ కమిటీ దిబ్బను వేటకు తెరుస్తుంది, లేదంటే మూస్తుంది. నిరుడు పద్నాలుగు వచ్చింది, తెరిచారు. ఈ ఏడాది పదమూడు వచ్చింది. సర్వేకి వెళ్లొచ్చిన మటియు బాబాయ్ మాత్రం, బుట్ట ఎత్తినప్పుడల్లా బురదే వచ్చిందని వారం నుంచి మొత్తుకుంటున్నాడు.

సగటు తీసే ఆ చిన్న ప్రోగ్రామ్‌ని, అంటే ఫంక్షన్‌ని, రాసినవాడు ఫెర్గస్. వెల్లింగ్టన్‌లో ఉంటాడు. ఉచితంగా పంచిపెట్టాడు, ఇలాంటి కమిటీలు చాలా వాడుతున్నాయి. ఫంక్షన్ పేరు ముందు ప్రశ్నార్థకం కొడితే దాని హెల్ప్ వస్తుంది. వచ్చిన హెల్ప్ ఇదీ: "లాగులు: లాగులు. ఖాళీలు: ఖాళీలకు సంబంధించినది. వివరాలు: పైన చూడండి."

పైన ఫంక్షన్ పేరు తప్ప ఏమీ లేదు. రుయిహాకి ఒళ్లు మండింది. లాగులు, ఖాళీలు లాంటి ప్రతి ఆప్షన్‌కీ హెల్ప్‌లో ఏదో ఒకటి రాసి ఉందా లేదా అని చూసే చెక్ ప్రోగ్రామ్ ఒకటుంది. రాయకపోతే ఆ ఫంక్షన్ ఉన్న ప్యాకేజీని బయటికి వదలదు. ఏం రాశారన్నది దానికి పట్టదు. అందుకని ఈ మహానుభావులు దాని నోట్లో ఇంత గడ్డి కుక్కి పంపేస్తారు. నిరుడు ఆ గడ్డి కూడా చదవకుండా, కింద ఉన్న ఉదాహరణను మక్కీకి మక్కీ దింపుకుంది తను. అది గుర్తొచ్చి ఇంకా అసహ్యం వేసింది.

ఫంక్షన్ పేరు ఒక్కటే కొడితే లోపలి కోడ్ తెర మీద పరుచుకుంటుంది. తొమ్మిదో వరుసలో దొరికింది. మనం ఏమీ చెప్పకపోతే, సున్నా పడ్డ లాగుల్ని పక్కన పడేసి మిగతావాటికే సగటు కడుతోంది. ఆ పక్కనే ఫెర్గస్ తనకోసం రాసుకున్న ముక్క: "ఇది హెల్ప్‌లో చెప్పాలి." అంటే వాడికి తెలుసు.

నలభైలో ముప్ఫై రెండు బుట్టలు ఖాళీ. వాటిని కలిపి తీస్తే ఈ ఏటి సగటు మూడు కూడా లేదు. నిరుటిది నాలుగు. నిరుడు తెరవమని సంతకం పెట్టింది తనే.

ఫెర్గస్‌కి ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఖాళీలంటే ఎవరికైనా అర్థమవుతుందనుకున్నాడట. హెల్ప్ మీరే రాసి పంపండి, పెట్టేస్తానన్నాడు. ఆ వరుస మారుస్తారా అని అడిగితే నసిగాడు.

"మారిస్తే అందరి పాత లెక్కలతో కలవదండీ."

"కలవకూడదనే కదయ్యా నేను చెప్పేది."

మీటింగులో రుయిహా ఏదీ దాచలేదు, తన సంతకంతో సహా. దిబ్బ మూసేశారు. అందరూ లేచాక మటియు బాబాయ్ దగ్గరికొచ్చాడు.

"నిరుడు నేనూ చెయ్యెత్తాను కదే. అది సరే, దీంతో లెక్కలు తీసేవాళ్లు ఇంకెంతమంది ఉన్నారు?"

రుయిహా మళ్లీ కంప్యూటర్ తెరిచింది. అక్కడే కూర్చుని హెల్ప్ రాసింది. "ఖాళీలు: మీరు ఏమీ చెప్పకపోతే, ఏమీ పడని లాగుల్ని లెక్కలోంచి తీసేస్తుంది. సగటు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది." ఉదాహరణగా తమ నిరుటి అంకెలే ఇచ్చింది: ఖాళీలు తీసేస్తే పద్నాలుగు, కలిపితే నాలుగు. దాని కింద ఇంకో రెండు వాక్యాలు రాసింది. "పద్నాలుగుని నమ్మి దిబ్బ తెరిపించాను. ఇప్పుడక్కడ బురదే ఉంది."

మర్నాడు పొద్దున్నే ఫెర్గస్ జవాబిచ్చాడు. హెల్ప్ చాలా బావుందట, పెట్టేశాడట. చివరి వరుస పొడుగు ఎక్కువైందని చెక్ గొణిగితే, ఆ రెండు వాక్యాలూ తీసేశాడట.

రుయిహా ఆ రెండు వాక్యాల్నీ మళ్లీ రాసింది. ఈసారి పొడుగని చెక్ గొణక్కుండా, వరుసకి రెండేసి మాటలు పెట్టి పంపింది.