స్క్రూలు ముట్టుకోవద్దన్నాడు

"అద్దాలకి బూజు పట్టింది బావా. తుడిచిపెట్టు చాలు. స్క్రూలు మాత్రం ముట్టుకోకు," అన్నాడు మా బావమరిది, దుర్భిణి నా చేతిలో పెడుతూ.

నాకు అక్కడే తేడా కొట్టింది.

రెండు గొట్టాల ఆ దుర్భిణి మా మామగారిది. ఆయన పోయాక వీడు పట్టుకుపోయాడు. ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. బయటికి దానికి ఒక్క స్క్రూ కూడా కనపడదు. కుట్టుమిషన్లు బాగుచేసి బతికిన నాకే తెలీదు, వీడికెలా తెలిసింది? వీడు నడిపేది స్కూలు వ్యాను. మా మనవరాలు వెళ్ళేది అందులోనే. ఈ మధ్య మెడ ఒక పక్కకి వాల్చి నడుపుతున్నాడని, పిల్లలు వంకరమెడ మామయ్య అని పేరు కూడా పెట్టారు.

వాడు వెళ్ళగానే వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచాను. అద్దాలు తుడిచి, కిటికీలోంచి ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకు చూశాను. ట్యాంకు నెత్తిన ఇంకో ట్యాంకు కూర్చుంది. కాసేపటికే కళ్ళు లాగేశాయి.

పైన అంటించిన నల్లతోలు అంచు గోటితో లేపాను. కింద బుల్లి స్క్రూ. దాని తల మీద కొత్త గీతలు.

"చూశావా మీ తమ్ముడి నిర్వాకం," అన్నాను మా ఆవిడతో. "కింద పడేసి, సర్దబోయి ఇంకా చెడగొట్టాడు. రేపు నా నెత్తిన రుద్దుతాడు."

"మీ చెప్పులు కనపడకపోయినా వాడి కాళ్ళకేసే చూస్తారు."

"ఒకసారి అక్కడే దొరికాయిగా."

దుర్భిణిని రెండు పుస్తకాల మధ్య కదలకుండా బిగించాను. స్క్రూని వెంట్రుకవాసి తిప్పడం, చూడడం. మళ్ళీ తిప్పడం, చూడడం. కొంచెం ఎక్కువైతే పై ట్యాంకు పక్కకి పారిపోయేది. అన్నం వేళ దాటాక మెల్లగా దిగి కింది దాంట్లో కలిసిపోయింది. మా ఆవిడ చూసి ఒకటే అంది. మనవరాలు చూసి, దాని మీద కాకి కూడా ఒకటే అంది. తోలు ఎప్పట్లా అంటించేశాను.

సాయంత్రం వాడొచ్చి కళ్ళకి పెట్టుకున్నాడు. మొహం మాడిపోయింది.

"స్క్రూ తిప్పేశావా బావా."

"తోలు తియ్యకుండానే నీకెలా తెలిసింది?"

"రెండు కనపడుతున్నాయి."

అబద్ధం అనుకున్నాను. నా పనికి వంక పెట్టి తన తప్పు కప్పిపుచ్చుకుంటున్నాడనుకున్నాను. వాడినే చూస్తూ కూర్చున్నాను. వాడు దుర్భిణి దించి వట్టి కళ్ళతో ట్యాంకుకేసి చూశాడు. చూస్తూ చూస్తూ తల భుజం మీదికి వాల్చాడు.

నేను లేచి, వాడి గడ్డం పట్టుకుని తల నిటారుగా నిలబెట్టాను.

"ఇప్పుడు చెప్పు. ఎన్ని?"

వాడు కళ్ళు అక్కవైపు తిప్పాడు.

"ఎన్నిరా," అంది మా ఆవిడ.

"రెండక్కా."

చెడింది దుర్భిణి కాదు, వాడి కన్ను. దానికి తగ్గట్టు దుర్భిణి స్క్రూ తిప్పుకున్నాడు.

"పాత పద్ధతిలోనే పెట్టెయ్ బావా. ఎవరికీ చెప్పకు. మెడ వాలిస్తే రోడ్డు ఒకటే కనపడుతుంది. వ్యాను పోతే నాకింకో పని రాదు."

"దీనికి స్క్రూ ఉంది కాబట్టి తిప్పుకున్నావు. ఎదురొచ్చే లారీకి ఏం తిప్పుతావు?"

పక్కగదిలో మనవరాలు రేపటి పుస్తకాలు సంచిలో సర్దుకుంటోంది. ముగ్గురం ఆ చప్పుడు విన్నాం.

చెయ్యి చాపాను. వాడు వ్యాను తాళంచెవి తీసి, నాకివ్వలేదు, అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కుట్టుమిషను సొరుగులో వేసింది.

"పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను," అంది. "రేపు వ్యాను రాదని పిల్లల ఇళ్ళకి ఇప్పుడే ఫోను చెయ్యి."

చేశాడు. ఒక్కొక్క ఇంటికీ, నా ఎదురుగానే.

వెళ్ళబోతూ దుర్భిణి తీసుకుని, మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు.

"నీ దగ్గరే ఉండనీలే బావా."

ఇందులో ఏం మెలిక ఉందోనని గుమ్మం దాకా వెళ్ళి చూశాను. మెట్ల దగ్గర కమ్మీ కోసం చెయ్యి చాపాడు. అందలేదు. తల వాల్చి, మళ్ళీ చాపాడు.