ఆడసింహం నోట్లో పిల్ల

నజ్లాకు లోకంలో అన్నిటికంటే భయం తన చేతులంటేనే. నెల నిండని కూతురు రీమ్‌ని ఏదో ఒకనాడు వాటితోనే చంపేస్తానేమోనని. ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ఇంట్లోవాళ్లకు కనిపించింది మాత్రం పాలు ఎండిపోవడమే. ఆడపడుచు పచ్చిమాంసం సంచితో బాలింత గదిలోకి రావడమే అందుకు కారణమని అత్త హమీదా తేల్చేసింది. ఆ దోషం పోవాలంటే బాలింత గుండె ఒక్కసారి ఝల్లుమనాలట. సింహం గర్జన చెవిన పడితే చాలట. నలభయ్యో రోజు రాకముందే కోడల్నీ మనవరాల్నీ జూకి లాక్కొచ్చింది.

బోను చుట్టూ జనం. నాలుగు రోజుల కిందట ఈనిన ఆడసింహం గర్జించడమే లేదు. పిల్లను నోట కరుచుకుని ఈ మూల నుంచి ఆ మూలకూ, ఆ మూల నుంచి ఈ మూలకూ తిరుగుతోంది. దింపబోతుంది, జనం కేకేస్తే మళ్లీ ఎత్తుకుంటుంది.

"చూశావుటే? మృగం కూడా పిల్లను కింద పెట్టట్లేదు. నీకేమో ఎత్తుకోమంటే ఏడుపు!" దెప్పింది హమీదా.

"తల్లంటే అదీ, వదినా!" పుచ్చగింజలు ఒలుచుకుంటున్న పక్కావిడ వంత పాడింది.

నజ్లా చూపు మాత్రం పిల్ల కాళ్ల మీదే ఉంది. అవి పిండని తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి.

బోను కాసే ముసలాయన వచ్చి చేతులూపాడు. "చాలు, వెళ్లండమ్మా. ఆ పిల్ల పొద్దున్నే పోయింది."

"అయ్యో! చంపేసిందా, పాపిష్టిది?" అంది హమీదా.

"పాపిష్టిదేంటి తల్లీ! దాచుకోడానికి చోటు వెతికింది. ఎటు చూసినా మీరే. పట్టు ఎప్పుడు బిగిసిందో దానికే తెలీదు. ఇంకా వెతుకుతానే ఉంది, చూడు."

నజ్లా గబుక్కున పాపను అత్త చేతుల్లో పెట్టేసింది.

"అత్తా, నన్ను దీంతో ఒంటరిగా వదిలెయ్యకు. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు."

హమీదా ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. తర్వాత పకపకా నవ్వింది. "హమ్మయ్య, తగిలిందే దడుపు! సాయంత్రానికి పాలు పడతాయి చూడు."

అద్దకంవాళ్ల సందులోని ఇంటికి తెచ్చి, మూడంతస్తులూ ఎక్కించి, పాపను కోడలి పక్కలో పడుకోబెట్టింది. శుభవార్త కూతురి చెవిన వెయ్యాలని వెంటనే బయల్దేరింది. రేవులో పనిచేసే కొడుకు శుక్రవారం దాకా రాడు.

మీలో ఎవరైనా అద్దకంవాళ్ల సందు మీదుగా వెళ్తుంటే, మూడో అంతస్తు తలుపు కొట్టండి. నజ్లా బాగానే ఉన్నానంటుంది. ఆ మాటకు వెనుదిరగొద్దు. లోపలికెళ్లి, పాపను మీరు ఎత్తుకుని, ఆమె పక్కన కూర్చోండి.